మట్టికి దిష్టి తీసిన కానుగలు

ఏమర్రా, ఒక్క ప్రశ్న. మనిషికి జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్తాం. గేదెకి జబ్బు చేస్తే పశువుల డాక్టరు దగ్గరికి తోలుకెళ్తాం. మరి మట్టికే జబ్బు చేస్తే? దాన్ని ఏ ఆటోలో ఎక్కిస్తారు? ఏ మంచం మీద పడుకోబెడతారు?

చెప్పరేం? పోనీలెండి, మీ పెద్దవాళ్ళకీ తెలీదు. తెలిసుంటే ఈ కథే పుట్టేది కాదు. ఇటు జరగండి, దుప్పటి కప్పుకోండి. ఊఁ కొడుతూ వినండి.

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి చివర ఒక దిబ్బ. ఊరి పేరు గోరింటపాడు. దిబ్బ పేరు బ్యాటరీల దిబ్బ.

ఒకప్పుడు అక్కడికి లారీల నిండా పాత బ్యాటరీలు వచ్చేవి. బస్సులవి, ట్రాక్టర్లవి, ఇళ్ళల్లో ఇన్వర్టర్లవి. వాటిని గొడ్డళ్ళతో పగలగొట్టేవాళ్ళు. లోపలి యాసిడ్‌ని నేల మీద పారబోసేవాళ్ళు. లోపలి సీసాన్ని కొలిమిలో కరిగించి పట్టుకుపోయేవాళ్ళు. సీసం అంటే నూనె సీసా అనుకునేరు! అది ఒక లోహం. బూడిదరంగులో ఉంటుంది, బండలా బరువుంటుంది.

పన్నెండేళ్ళు అలా పగలగొట్టారు. ఆ తర్వాత ఒకరోజు యజమాని గేటుకి తాళం వేసి వెళ్ళిపోయాడు. గేటుకి వేశాడు గానీ సీసానికి తాళం వేయలేదర్రా. వానొస్తే అది పారింది. గాలొస్తే అది లేచింది. ఊళ్ళో ఎవరూ అడగలేదు. అడగాల్సింది ఎవరినో కూడా ఎవరికీ తెలీదు.

ఆ దిబ్బ పక్కనే నాంచారమ్మ ఇల్లు. నాంచారమ్మ కుండలు చేస్తుంది. ఇంటి ముందు సారె, అంటే కుండలు తీర్చే చక్రం. ఇంటి వెనక ఆవం, అంటే కుండలు కాల్చే బట్టీ. కాలవ అవతలి నుంచి బంకమట్టి తెచ్చుకునేది. ఆమె మొగుడు ఆ దిబ్బలోనే కూలికి వెళ్ళేవాడు. ఒకరోజు కడుపులో నొప్పని పడుకున్నవాడు ఇక లేవలేదు. ఆమెకి మిగిలింది నాలుగేళ్ళ కూతురు. పేరు నాగలీల.

లీలకి మట్టి తినే అలవాటు. అమ్మ సారె తిప్పుతుంటే వెనకాల కూర్చుని, వేలు నేలకి అద్ది నోట్లో పెట్టుకునేది. ఆ మట్టి కొంచెం తియ్యగా ఉండేది. అదే దాని మోసం. చేదుగా ఉంటే పిల్ల ఉమ్మేసేది కదా!

మెల్లగా లీల మారిపోయింది. మొదట అన్నం మానేసింది. ఆ తర్వాత ఆటలు మానేసింది. ఆ తర్వాత మాటలు మర్చిపోయింది. మొన్నటిదాకా పది వరకూ లెక్కపెట్టిన పిల్ల నాలుగు దగ్గర ఆగిపోయి, ఐదు ఎక్కడుందో అమ్మ మొహంలో వెతుక్కునేది.

నాంచారమ్మ దిష్టి అనుకుంది. గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని, పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిదని లెక్క. మళ్ళీ శనివారం తీసింది. ఆ తర్వాతి శనివారం కూడా తీసింది. లీల నాలుగు దగ్గరే ఉండిపోయింది.

అప్పుడు పిల్లని చంకనేసుకుని పట్నం ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు రక్తం తీయించి చూశాడు.

"ఇది దిష్టి కాదమ్మా, సీసం. మందులిస్తాను, పిల్ల కోలుకుంటుంది. కానీ మళ్ళీ ఆ మట్టి మీద అడుగు పెట్టకూడదు."

"ఎన్నాళ్ళు బాబూ?"

"మట్టి బాగుపడేదాకా."

మట్టి ఎప్పుడు బాగుపడుతుందో ఆయన చెప్పలేదు. పాపం, ఆయన మనుషుల డాక్టరు.

రెండు బస్సులు మారితే వచ్చే ఊళ్ళో నాంచారమ్మ అన్నయ్య ఉన్నాడు. ఆ ఇంట్లో పిల్లకి చోటుంది, సారెకి లేదు. సారె తిరక్కపోతే ఇద్దరికీ తిండి లేదు. అందుకని లీల ఒక్కతే మేనమామ చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది.

"అమ్మా, ఇంటికెప్పుడు రావాలి?"

"నేల బాగవ్వగానే."

"రేపా?"

"ఎల్లుండి," అంది నాంచారమ్మ. జీవితంలో ఆమె పిల్లకి చెప్పిన అబద్ధం అదొక్కటే. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికొచ్చి, ఆ మట్టి మీద కూర్చుని, మట్టినే తిట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ ఊరికి సువార్త అనే అమ్మాయి వచ్చింది. మట్టి గురించి పెద్ద చదువు చదివిన పిల్ల. స్కూటీ మీద వచ్చి, నేల తవ్వి, చిన్న చిన్న సంచుల్లో మట్టి పోసుకుని, వాటి మీద ఏదో రాసుకునేది. ఊరు ఊరంతా ఆమెకి మట్టి డాక్టరమ్మ అని పేరు పెట్టేసింది. ఒకరోజు పరీక్ష కాగితం పట్టుకుని నాంచారమ్మ దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇళ్ళున్న చోట ఉండదగ్గ సీసం కంటే ఇక్కడ పదింతలుంది."

"తవ్వి పారేద్దాం!"

"ఎక్కడ పారేస్తావు? పక్క ఊరి మీదా?"

"కడిగేద్దాం!"

"కడిగిన నీళ్ళు కాలవలోకి పోవూ?"

"మరింకేం చెయ్యమంటావే? నా పిల్లని పంపినట్టు నేలని కూడా మా అన్నయ్య ఇంటికి పంపనా?"

సువార్తకి నవ్వొచ్చింది. నవ్వకూడదని ఆపుకుంది. "చెట్లు పెడదాం అక్కా," అంది.

అప్పుడు సువార్త ఇలా విడమర్చి చెప్పింది. చెట్టు వేళ్ళతో నీళ్ళు తాగుతుంది. నీళ్ళతోపాటు కాస్త కాస్త సీసాన్నీ తాగుతుంది. కొంత వేళ్ళల్లోనే బిగబట్టి ఉంచుతుంది. కొంత కొమ్మలకీ ఆకులకీ పంపుతుంది. కింద వేళ్ళు అల్లుకుని మట్టిని గాలికి లేవనివ్వవు. పైన ఆకు రాలుతుంది. రాలిన ఆకుని మనం ఎత్తి దూరంగా పంపేస్తాం. చెట్టు మళ్ళీ తాగుతుంది, మనం మళ్ళీ ఎత్తుతాం. ఏళ్ళు పడుతుంది, కానీ నేల తేలికపడుతుంది.

నాంచారమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. "ఓసి నీ తెలివి తగలెయ్య! ఇది మట్టికి దిష్టి తీయడమే కదే! ఆకులేమో ఉప్పూ మిరపకాయలూనూ."

"అలాగే అనుకో అక్కా," అంది సువార్త.

ఏ చెట్టు పెట్టాలి? నాంచారమ్మ మామిడి పెడదామంది. పండ్లు కాస్తే పిల్లలు ఊరుకుంటారా? ఎవరూ పండు తినని చెట్టే కావాలంది సువార్త. ఆషాఢంలో సరుగుడు పెట్టారు. పదిహేను రోజులకి మాడిపోయింది. శ్రావణంలో నీలగిరి పెట్టారు. నెల తిరక్కుండా తల వాల్చేసింది. భాద్రపదంలో కానుగ తెచ్చారు. నాంచారమ్మ మొక్క చేతిలో పట్టుకుని ఆలోచించింది.

"పాలు తాగే బిడ్డకి ఒకేసారి ఆవకాయ అన్నం పెడతామా డాక్టరమ్మా? దీనికి కూడా ముందు మెత్తగా పెట్టాలి."

అప్పుడు ఆమె సారె ముందు కూర్చుని కుండలు చేసింది. అడుగు లేని కుండలు! యాసిడ్ ఘాటు విరగడానికి దిబ్బ మీద సున్నం చల్లి, గోతులు తీసి, ఒక్కో గోతిలో ఒక్కో అడుగు లేని కుండ దించి, కాలవగట్టు నుంచి తెచ్చిన మంచి మట్టి నింపి, అందులో కానుగ మొక్క నాటింది. మొక్క మొదట మంచి మట్టి తిని బలపడింది. బలపడ్డాక వేళ్ళు కిందికి దిగి, కుండ దాటి, విషంలోకి నడిచాయి. నూట పదహారు మొక్కలు. నూట పదహారూ బతికాయి.

ఆ చెట్లని ఏమని పొగడాలర్రా! మనకి కాకరకాయ కూర పెడితేనే మొహం ముడుచుకుంటామే, అవి పొద్దున లేస్తే సీసం తాగేవి. యాసిడ్ పారిన నేలలోకి, చీకట్లోకి, గోరంత గోరంత తవ్వుకుంటూ పోయేవి. అరిచేది లేదు, అలిగేది లేదు. పైకి చూస్తే ఏమీ ఎరగనట్టు నిగనిగలాడే పచ్చటి ఆకు. పూత వస్తే దిబ్బ నిండా మరమరాలు పోసినట్టుండేది. గడ్డిపోచ కూడా మొలవని చోట నీడ పడింది. నీడకి పిట్టలొచ్చాయి. ఎంతమంది మనుషులు కలిసి పాడుచేశారో లెక్కే లేని నేలని, నోరు లేని ఆ నూట పదహారూ ఎత్తుకుని మోశాయి.

కానీ చిక్కు ఎక్కడొచ్చిందంటే, కానుగ మన ఊళ్ళల్లో అందరికీ పనికొచ్చే చెట్టు.

మొదట మేకల ఏసోబు వచ్చాడు. చేతిలో పొడుగాటి దోటి.

"అక్కా, నాలుగు కొమ్మలు వంచుకుంటా. మేకలు ఆకలితో అరుస్తున్నాయి."

"దిష్టి తీసిన ఉప్పు తెచ్చి కూరలో వేసుకుంటావా తమ్ముడూ?"

"ఛీ ఛీ, ఎవరైనా వేసుకుంటారా?"

"ఇదీ అంతే. ఆ ఆకు మేక తింటుంది, ఆ పాలు నీ పిల్లలు తాగుతారు. నడువు!" అని కర్ర తీసుకుని మేకల్ని తరిమింది.

ఆ తర్వాత వరి రైతు రాఘవులు వచ్చాడు. దమ్ము చేసిన మడిలో పచ్చిరొట్ట ఎరువుగా తొక్కడానికి ఆకు కావాలన్నాడు. "కానుగాకు మడికి ఎంత బలమో నీకేం తెలుసే, కుండలు చేసుకునేదానివి," అన్నాడు.

"దిష్టి తీసిన నీళ్ళతో పప్పు ఉడకేసుకుంటావా బాబాయ్? మడిలో తొక్కితే సీసం నీ మడికి వస్తుంది. ఊరంతటికీ ధాన్యం అమ్మేవాడివి, అన్నంలో కలిపి పెడతావా?"

రాఘవులు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే శేషగిరి మాస్టారు వచ్చారు. ఊరందరికీ లెక్కలు నేర్పిన పెద్దాయన. అడగను కూడా లేదు, కొమ్మ వంచి పుల్ల విరిచి పళ్ళ కింద పెట్టబోయారు.

"ఆగండి మాస్టారూ! దిష్టి తీసి పగలగొట్టిన గుమ్మడికాయని ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకుంటారా?"

"ఒక్క పుల్లేనమ్మాయ్, పళ్ళు తోముకోడానికి."

"వద్దు మాస్టారూ. వేపచెట్టు ఆ వీధిలో ఉంది, నాలుగడుగులు నడవండి. ఒంటికి కూడా మంచిది."

మాస్టారు పుల్ల పారేసి నవ్వుకుంటూ వేపచెట్టు దగ్గరికి నడిచారు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆ ఆకుకి దిష్టాకు అని పేరు పడిపోయింది. చిన్నపిల్లలు కూడా దాన్ని దాటుకుని వెళ్ళేవాళ్ళు. సువార్త పాతిక కాగితాలు పంచి చెప్పినా ఎక్కని సంగతి, నాంచారమ్మ ఒక్క మాటకి ఎక్కింది.

మూడో ఏడు సువార్త మళ్ళీ మట్టి పరీక్ష చేయించింది. పదింతలున్న సీసం ఏడింతలకి దిగింది. నాంచారమ్మ పరుగున వెళ్ళి లీలకి చెప్పింది. లీలకి అప్పుడు ఏడేళ్ళు. మందులకి కోలుకుంది, వంద దాకా గుక్క తిప్పుకోకుండా లెక్కపెడుతోంది.

"చెట్లు తాగేశాయా అమ్మా?"

"తాగుతున్నాయే తల్లీ. ఇంకో మూడేళ్ళు. ఇంటి చుట్టూ నేల తేలికపడితే నిన్ను తెచ్చేసుకుంటా."

లీల గోడ మీద బొగ్గుతో మూడు గీతలు గీసింది. ఏడాదికొకటి చెరిపేయడానికి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. రాలిన దిష్టాకుని ఎత్తి గోతాల్లో నింపితే, పట్నం నుంచి లారీ వచ్చి పట్టుకెళ్ళాలి. విషపు చెత్తని గట్టిగా కప్పెట్టే చోటు అక్కడ ఒకటి ఉంది. మొదట్లో లారీ వచ్చేది. ఆ తర్వాత ఆలస్యంగా వచ్చేది. నాలుగో ఏడు మాఘమాసంలో అసలు రాలేదు. అప్పటికి చెట్లు పెద్దవయ్యాయి, ఆకు కుప్పలు కుప్పలుగా రాలింది. గోతాలు చిరిగాయి. కుప్ప కిటికీ అంత ఎత్తుకి లేచింది. గాలి వస్తే ఆకు ఊళ్ళోకి ఎగురుతుందేమోనని నాంచారమ్మకి భయం.

ఆమె కుప్ప వైపు చూసింది. ఆవం వైపు చూసింది. దిష్టి తీసిన ఉప్పూ మిరపకాయల్ని చివరికి ఏం చేస్తాం? నిప్పులో వేస్తాం. నిప్పులో వేస్తే దిష్టి పోతుంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదేమిటని తనని తానే తిట్టుకుంది. ఎండాకు చూస్తే కుమ్మరి చెయ్యి ఊరుకోదు మరి. అది ఆవానికి మేత.

కుండలు పేర్చి, మధ్య మధ్య దిష్టాకు కూరి, ఆవం అంటించింది. బ్రహ్మాండంగా కాలింది. కుప్ప మాయమైంది. లారీ రాకపోయినా ఇబ్బంది లేకపోయింది. ఐదో ఏడూ అలాగే కాల్చింది. ఆరో ఏడూ అలాగే కాల్చింది. కాల్చిన ప్రతిసారీ, లీల ఒక అడుగు దగ్గరికొచ్చిందని అనుకుంది.

ఆరో ఏడు సువార్త పరీక్ష కాగితం తెచ్చింది. గుమ్మంలో నిలబడింది గానీ లోపలికి రాలేదు.

"అక్కా, చెట్ల కింద నేల తేలికపడింది. ఐదింతలకి దిగింది. కానీ నీ ఇంటి చుట్టూ నేల మూడేళ్ళ కిందటి కంటే బరువెక్కింది. నాకు అర్థం కావడం లేదు. ఆవంలో ఏం కాలుస్తున్నావు?"

"దిష్టాకు," అంది నాంచారమ్మ, మంచి పని చేసినదాని గొంతుతో. "నిప్పులో వేస్తే దిష్టి పోతుంది కదా."

సువార్త అక్కడే మెట్టు మీద కూలబడింది.

"పోదక్కా. దిష్టి కాలుతుందేమో గానీ సీసం కాలి మాయమవదు. పొగతో లేస్తుంది, బూడిదతో దిగుతుంది. ఈ చెట్లు ఏడాదంతా తాగి పైకి తెచ్చినదాన్ని, నీ ఆవం ఒక్క పూటలో మళ్ళీ ఇంటి మీద చల్లేసింది." కాగితం మడిచి మళ్ళీ అంది. "ఆ రోజు నువ్వు దిష్టి అంటే అలాగే అనుకో అన్నాను. నిప్పు దగ్గర మాత్రం అలా కాదని చెప్పాల్సింది. ఆ తప్పు నాది."

నాంచారమ్మ చేతులు చూసుకుంది. ఆ చేతులతోనే ఆకు కూరింది. ఆ చేతులతోనే నిప్పు పెట్టింది.

మర్నాడు రెండు బస్సులు మారి అన్నయ్య ఊరు వెళ్ళింది. లీల గుమ్మంలోనే ఉంది. పదేళ్ళ పిల్ల. బొగ్గు గీతలు మూడూ చెరిపేసి, బట్టలు సంచిలో సర్దుకుని, జడ వేసుకుని కూర్చుంది.

"చెట్లు తాగలేదా అమ్మా?" అంది, అమ్మ మొహం చూసి.

"చెట్లు తాగాయే. మీ అమ్మే కక్కించింది."

జరిగిందంతా పిల్లకి చెప్పింది. ఈసారి ఎల్లుండి అనలేదు. ఇంకో మూడేళ్ళంది. లీల ఏడవలేదు. సంచి తెరిచి, బట్టలు ఒక్కొక్కటే తీసి, మళ్ళీ చిలక్కొయ్యకి తగిలించింది. పిల్ల ఏడ్చినా బాగుండేదనుకుంది నాంచారమ్మ.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆవంలో ఏం కాల్చిందో ఊళ్ళో ఎవరికీ తెలీదు. సువార్త చాడీలు చెప్పే మనిషి కాదు. నోరు మూసుకుంటే సరిపోయేది. మరి నాంచారమ్మ ఏం చేసింది?

తను తరిమినవాళ్ళ గుమ్మాలే ఎక్కింది. ముగ్గురినీ పిలిచి, నిలబడి చెప్పింది. "మీకు వద్దన్న ఆకుని నేనే కాల్చాను. ఆ పొగ మీ ఇళ్ళ మీదా పడింది. ఆ కుండల్లో మీరు వండుకున్నారు."

ఏసోబుకి కోపమొచ్చింది. "నా మేకల్ని కర్రతో తరిమావే అక్కా! నీ ఆవాన్ని ఏ కర్రతో తరమాలి?"

రాఘవులు మీసం కింద వెటకారం దాచుకోలేదు. "కుండలు చేసుకునేదానివనుకున్నాను గానీ, ఊరికి పొగ పెట్టేదానివనుకోలేదు."

నాంచారమ్మ తల వంచుకుని అన్నీ పడింది. మాస్టారు చివరిదాకా విని, కళ్ళజోడు తుడుచుకుని అన్నారు. "లెక్క తప్పావు. తప్పని నువ్వే వచ్చి చెప్పావు. సగం అయిపోయింది. మిగతా సగం చెయ్యి అమ్మాయ్, నిలబడి ఏం చేస్తావు?"

అప్పుడు ఆమె మూడు పనులు చేసింది.

మొదట గునపం తీసుకుని, తాత కట్టిన ఆవాన్ని తన చేత్తోనే పగలగొట్టింది. ఆ తర్వాత గడప గడపకీ తిరిగి, ఆ మూడేళ్ళలో కాల్చిన కుండలన్నీ వెనక్కి తెచ్చుకుంది. ఒక్కో కుండకీ కొత్త కుండ ఇస్తానని మాటిచ్చింది. కాలవ అవతల కొత్త ఆవం కట్టి, ఊక పోసి కాల్చి, ఇచ్చింది కూడా. ఇక మూడో పని చూడండి, అది నాంచారమ్మ తప్ప ఇంకెవరూ చేయలేనిది. మనిషి దిగి నిలబడేంత పెద్ద బానలు చేసింది. మందంగా, బిర్రుగా, మూతలతో సహా. దిష్టాకుని తడిపి, అందులో కూరి, మూత పెట్టి, అంచు చుట్టూ బంకమట్టి మెత్తేసింది. ఇక ఆ ఆకుని గాలి ఎత్తలేదు. వాన తడపలేదు. మేక ముట్టలేదు. లారీ రేపొచ్చినా, ఆర్నెల్లకొచ్చినా, బానలు నోరు మూసుకుని కూర్చుంటాయి.

మొదటి బానకి మూత పెట్టిన రోజు ఏసోబు వచ్చి చూశాడు. మర్నాటి నుంచి దిబ్బ చుట్టూ ముళ్ళకంప నాటడం మొదలెట్టాడు, తన మేకలు రాకుండా. రాఘవులు ట్రాక్టరు తెచ్చి బానల్ని రోడ్డు దాకా చేర్చాడు. "పచ్చిరొట్ట ఇవ్వలేదు గానీ నాతో బరువులు మోయిస్తోంది," అని సణుక్కుంటూనే! మాస్టారు ప్రతి సోమవారం పట్నం ఆఫీసుకి ఒక ఉత్తరం రాసేవారు: మా ఊరికి లారీ రాలేదు, ఎందుకు రాలేదు? జవాబు రాకపోతే ఇంకో సోమవారం ఇంకో ఉత్తరం. నలభై ఒకటో ఉత్తరానికి లారీ వచ్చింది. ఆ తర్వాత ఆగలేదు.

సువార్త ఇంటి చుట్టూ పైమట్టి జానెడు లోతు గీయించి, చెట్ల మధ్యలో పోయించింది, అవే తాగుతాయని. పగలగొట్టిన ఆవం చోట కానుగ మొక్కలు లేచాయి, మళ్ళీ అడుగు లేని కుండల్లోనే.

చెట్లు మాత్రం ఎవరినీ ఏమీ అనలేదర్రా. తాము మూడేళ్ళు మోసి పైకి తెచ్చినదాన్ని మనిషి మళ్ళీ కింద పోస్తే, ఇంకెవరైనా అయితే పొమ్మనేవాళ్ళు. అవి మొదటినుంచీ మొదలెట్టాయి. చైత్రంలో చిగురేశాయి. చినుకు పడితే తాగాయి.

తొమ్మిదో ఏడు సువార్త కాగితం తెచ్చింది. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చి మరీ చదివింది.

"ఇంటి చుట్టూ నేల మనుషులు ఉండదగ్గ నేల అక్కా. చెట్ల మధ్యలో మాత్రం ఇంకా ఉంది. ఇంకా పాతికేళ్ళు తాగాలి అవి..."

నాంచారమ్మ మిగతాది వినలేదు. చెప్పులేసుకోవడం కూడా మర్చిపోయి బస్సు కోసం పరిగెత్తింది.

లీల వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల, అమ్మ భుజం దాటి ఎదిగింది. నోరు కూడా అమ్మదే. దిగీ దిగగానే తోట వైపు చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని అంది.

"ఇవేనా? నన్ను తొమ్మిదేళ్ళు మావయ్య ఇంట్లో కూర్చోబెట్టినవి?"

"నోర్ముయ్యవే! నిన్ను కూర్చోబెట్టింది మనుషులు. తెచ్చింది ఇవి. దణ్ణం పెట్టు."

లీల దణ్ణం పెట్టింది. వంకరగా, నవ్వుతూ, ఒక్క చేత్తో. ఆ తర్వాత ఏమనుకుందో ఏమో, రెండో చెయ్యి కూడా కలిపింది.

ఆ మధ్యాహ్నమే వాన మొదలైంది. పిల్ల ఇంటి ముందుకి పరిగెత్తి, కాలు జారి, బురదలో వెల్లకిలా పడింది. మోచేతులకి బురద, జడకి బురద, బుగ్గ మీద బురద. నాంచారమ్మ బిందె పట్టుకుని ఒక్క ఉరుకులో గుమ్మం దిగింది, కడిగెయ్యాలని. సగం దూరం వెళ్ళి ఆగిపోయింది.

లీల బురదలో పడుకునే నవ్వుతోంది.

నాంచారమ్మ బిందె కింద పెట్టింది. వెళ్ళి పిల్ల పక్కనే, ఆ బురదలోనే, చీర కుచ్చిళ్ళతో సహా కూర్చుంది. మధ్యాహ్నమంతా వాన కురిసింది. ఎవరూ ఎవరినీ కడగలేదు.

కథ అయిపోయింది గానీ, అప్పుడే కళ్ళు మూయకండి. మన ఇంట్లో బ్యాటరీ పాడైతే ఒకాయన వచ్చి పట్టుకెళ్తాడు కదా. ఎక్కడికి పట్టుకెళ్తాడు? ఎవరి ఇంటి పక్కన పగలగొడతారు? రేపు లేవగానే మీ నాన్నని అడగండి. బళ్ళో మీ టీచర్ని అడగండి. అక్కడి మట్టికి పరీక్ష చేయించమని ఒక కాగితం రాయండి. మీ చేతిరాతతోనే రాయండి, వంకరగా ఉన్నా పర్లేదు.

కథేమో కంచికి బండెక్కె,
కునుకేమో మన మంచమెక్కె.
పొద్దునే లేచి అడగండి,
జవాబు రాకుంటే, మళ్ళీ మళ్ళీ అడగండి!